పన్నెండు పరుగుల తీర్పు

1999 జనవరి 31, ఆదివారం. చెన్నై చెపాక్ మైదానంలో తేనీటి విరామం ముగిసి చాలాసేపయింది. సక్లయిన్ ముస్తాక్ వేసిన బంతికి జవగళ్ శ్రీనాథ్ వికెట్లు పడిపోయాయి. భారత్‌పై పాకిస్థాన్ 12 పరుగుల తేడాతో గెలిచింది. మైదానమంతటా కొన్ని క్షణాలపాటు నిశ్శబ్దం అలముకొంది. ఆ తరువాత ఒక మూల నుంచి మొదలైన చప్పట్లు క్రమంగా గ్యాలరీలన్నింటికీ పాకాయి. వేలాది ప్రేక్షకులు లేచి నిలబడ్డారు. వారి కరతాళధ్వనులు తమ కోసమేనని గ్రహించిన వసీం అక్రమ్ బృందం మైదానం చుట్టూ విజయయాత్ర చేసింది. పొరుగు దేశపు జట్టు మన గడ్డపై మనలను ఓడించి, మన ప్రజల అభినందనల నడుమ పరుగులు తీసిన ఆ దృశ్యం ఉపఖండపు క్రీడాచరిత్రలో చిరస్మరణీయంగా నిలిచిపోయింది.

ఇది జరిగి పాతికేళ్లు దాటింది. అయినా నాటి ఓటమిపై చర్చ ఇంకా ముగియలేదు. క్రికెట్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా నలుగురు కూడిన చోట ఎవరో ఒకరు, 'ఆ రోజు సచిన్ మరొక్క పావుగంట నిలిచి ఉంటేనా!' అని నిట్టూర్చక మానరు. స్టేడియంలో కూర్చున్న అభిమానులు కొన్ని నిమిషాలలో ఇచ్చిన తీర్పు ఒకటి. టెలివిజన్ ముందు కూర్చున్న కోట్లాది అభిమానులు ఏళ్ల తరబడి ఇస్తూ వచ్చిన తీర్పు మరొకటి. చూసిన ఆట ఒకటే అయినా ఈ రెండు తీర్పుల మధ్య ఇంత దూరం ఎందుకు ఏర్పడింది?

ఉద్రిక్తతల నడుమ ఆట

ఆ టెస్టుకు పూర్వరంగం సామాన్యమైనది కాదు. ఇరు దేశాల మధ్య అంతకుముందు చివరి టెస్టు 1989 డిసెంబరులో సియాల్‌కోట్‌లో జరిగింది. పదహారేళ్ల సచిన్ టెండూల్కర్ అంతర్జాతీయ రంగప్రవేశం చేసిన పర్యటన అది. భారత గడ్డపై పాకిస్థాన్ చివరిసారిగా టెస్టు ఆడింది 1987 మార్చిలో, బెంగుళూరులో. ఆనాడు కూడా మనది స్వల్ప తేడా పరాజయమే. సునీల్ గవాస్కర్ తన ఆఖరి టెస్టు ఇన్నింగ్స్‌లో 96 పరుగులు చేసినా భారత్ 16 పరుగుల తేడాతో ఓడిపోయింది.

1998 మే నెలలో రెండు దేశాలూ అణుపరీక్షలు జరిపాయి. సరిహద్దుకు ఇరువైపులా వాతావరణం వేడెక్కిన ఆ దశలో పాకిస్థాన్ జట్టు రాకను శివసేన తీవ్రంగా వ్యతిరేకించింది. 1999 జనవరిలో ఆ పార్టీ కార్యకర్తలు ఢిల్లీ ఫిరోజ్‌షా కోట్లా మైదానంలోని పిచ్‌ను తవ్వివేశారు. ముంబయిలోని క్రికెట్ కంట్రోల్ బోర్డు కార్యాలయంపైనా దాడి జరిగింది. ఢిల్లీలో జరగవలసిన తొలి టెస్టు ఈ కారణంగానే చెన్నైకి మారింది. గట్టి పోలీసు బందోబస్తు నడుమ ఆట మొదలైంది. బంతి పడకముందే ఇది కేవలం ఆట కాదన్న భావన దేశమంతటా వ్యాపించింది. ఇటువంటి సమయంలో ఎదురైన ఓటమిని అభిమానులు ఆటగానే చూసి తూచగలగడం తేలిక కాదు. చెపాక్ ప్రేక్షకుల చప్పట్ల విలువ ఈ నేపథ్యంలోనే బోధపడుతుంది.

నాలుగు రోజుల కథ

తొలి ఇన్నింగ్స్‌లో పాకిస్థాన్ 238 పరుగులకే ఆలౌటైంది. అనిల్ కుంబ్లే 70 పరుగులిచ్చి ఆరు వికెట్లు తీశాడు. బదులుగా భారత్ 254 పరుగులు చేసి 16 పరుగుల ఆధిక్యం సంపాదించింది. సౌరవ్ గంగూలీ 54, రాహుల్ ద్రావిడ్ 53, తొలి టెస్టు ఆడుతున్న చెన్నై కుర్రాడు సడగోపన్ రమేష్ 43 పరుగులు చేశారు. టెండూల్కర్ మాత్రం సక్లయిన్ బౌలింగ్‌లో ఒక్క పరుగైనా చేయకుండా వెనుదిరిగాడు.

రెండో ఇన్నింగ్స్‌లో పాకిస్థాన్‌ను నిలబెట్టినవాడు షాహిద్ అఫ్రిదీ. తాను ఆడుతున్న రెండో టెస్టులోనే అతడు 141 పరుగులు సాధించాడు. ఒక దశలో పాక్ స్కోరు నాలుగు వికెట్లకు 275. అక్కడి నుంచి వెంకటేశ్ ప్రసాద్ విజృంభించాడు. చివరి ఆరు వికెట్లు కేవలం 11 పరుగుల వ్యవధిలో కూలిపోగా, పాకిస్థాన్ 286 పరుగులకు ముగిసింది. ప్రసాద్ 33 పరుగులకు ఆరు వికెట్లు పడగొట్టాడు. భారత్ ముందు నిలిచిన లక్ష్యం 271 పరుగులు.

వకార్ యూనిస్ ధాటికి ఓపెనర్లు రమేష్, వి.వి.ఎస్. లక్ష్మణ్ ఇద్దరూ ఆరు పరుగులకే వెనుదిరిగారు. ద్రావిడ్‌ను వసీం అక్రమ్ బౌల్డ్ చేశాడు. కెప్టెన్ అజారుద్దీన్ ఏడు పరుగులకు, గంగూలీ రెండు పరుగులకు సక్లయిన్‌కు చిక్కారు. గంగూలీ క్యాచ్ విషయంలో బంతి నేలను తాకిందా లేదా అన్న వివాదం కూడా రేగింది. స్కోరు ఐదు వికెట్లకు 82.

ఆ స్థితి నుంచి టెండూల్కర్, వికెట్ కీపర్ నయన్ మోంగియా కలిసి ఆరో వికెట్‌కు 136 పరుగులు జోడించారు. ఆఫ్ స్పిన్ లాగే కనిపిస్తూ అటువైపు తిరిగే 'దూస్రా' అనే బంతిని సక్లయిన్ అప్పటికే ప్రపంచానికి చూపి ఉన్నాడు. దానిని చదవడం ఉద్దండులకు సైతం కష్టమైంది. టెండూల్కర్ ఆ బంతినీ, చెన్నై ఉక్కపోతనూ, తీవ్రమైన వెన్నునొప్పినీ ఏకకాలంలో ఎదుర్కొన్నాడు. 218 వద్ద మోంగియా 52 పరుగులకు భారీ షాట్‌కు ప్రయత్నించి ఔటయ్యాడు. నొప్పి భరించలేని స్థితికి చేరిన టెండూల్కర్ పని త్వరగా ముగించాలన్న ఆత్రంతో బౌండరీల బాట పట్టాడు. సునీల్ జోషీతో కలిసి మరో 36 పరుగులు వచ్చాయి. గెలుపునకు 17 పరుగులు మిగిలి ఉండగా సక్లయిన్ బంతిని గాలిలోకి లేపాడు. వసీం అక్రమ్ క్యాచ్ అందుకున్నాడు. 136 పరుగుల మహా పోరాటం అక్కడ ముగిసింది.

చేతిలో మూడు వికెట్లున్నాయి. కుంబ్లే, జోషీ, శ్రీనాథ్ వరుసగా వెనుదిరిగారు. ఆ మూడు వికెట్లకూ కలిపి వచ్చినవి నాలుగు పరుగులు. భారత్ 258కి ఆలౌటైంది. రెండు ఇన్నింగ్స్‌లలోనూ ఐదేసి వికెట్లు తీసిన సక్లయిన్ పాకిస్థాన్‌ను గెలిపించాడు. 'మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్' పురస్కారం మాత్రం ఓడిన జట్టులోని టెండూల్కర్‌కు దక్కింది. డ్రెస్సింగ్ రూములో కన్నీళ్ల పాలైన అతడు దానిని అందుకోవడానికి బయటకు రాలేదు.

నింద ఎవరిది?

భారీ ఓటమి అభిమానిని ఎక్కువ కాలం వేధించదు. ఇన్నింగ్స్ తేడాతో ఓడిన జట్టు గురించి చర్చించడానికి పెద్దగా ఏమీ ఉండదు. ప్రత్యర్థి మెరుగైనవాడని ఒప్పుకొని మరునాటికి మరచిపోతాం. స్వల్ప తేడా ఓటమి అటువంటిది కాదు. పన్నెండు పరుగులంటే మూడు బౌండరీలు. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి మరోలా జరిగి ఉంటే ఫలితం తారుమారయ్యేదన్న ఊహ మనసును వదలదు. తేడా ఎంత చిన్నదైతే, దానికి కారణమైన తప్పు కూడా అంత చిన్నదిగా, ఒకే ఒక్కటిగా ఉండాలని అనిపిస్తుంది. అభిమాని ఆ ఒక్క తప్పునూ, దానికి బాధ్యుడైన ఒక్క మనిషినీ వెతుకుతాడు.

చెన్నైలో ఆ ఒక్క మనిషి దొరకడం కష్టం కాలేదు. అందరి కళ్లెదుట చివరగా తప్పటడుగు వేసినవాడు టెండూల్కర్. 'శతకాలు చేస్తాడు గాని మ్యాచ్ గెలిపించడు' అన్న విమర్శ ఈ ఓటమి తరువాతే బలపడింది. మరొక వర్గం అభిమానులు నిందను మోంగియాపై మోపారు. అంత నిలకడగా ఆడినవాడు ఆ సమయంలో ఆ షాట్ ఎందుకు ఆడాలని వారి ప్రశ్న. ఇంకొందరు గంగూలీ క్యాచ్‌ను పట్టుకొని అంపైర్లను తప్పుపట్టారు. ప్రత్యర్థి గొప్పగా ఆడాడు గనుక గెలిచాడని అన్నవారు ఇళ్లలో తక్కువ, చెపాక్ గ్యాలరీలలో ఎక్కువ.

స్కోరు పట్టికను ఒకసారి చేతిలోకి తీసుకుని లెక్క చూడాలి. రెండో ఇన్నింగ్స్‌లో భారత్ చేసిన 258 పరుగులలో టెండూల్కర్‌వి 136, మోంగియావి 52. మిగిలిన తొమ్మిది మంది కలిసి చేసినవి 34. పాకిస్థాన్ బౌలర్లు అదనంగా ఇచ్చిన పరుగులు 36. అంటే తొమ్మిది మంది బ్యాట్స్‌మెన్ కష్టించి చేసిన వాటికన్నా ఎక్కువ పరుగులు వారి ప్రమేయం లేకుండానే వచ్చాయి. తిలా పాపం తలా పిడికెడు అన్నది మన సామెత. ఇక్కడ పాపం తలా పిడికెడు పంచవలసి ఉండగా, అందరికన్నా ఎక్కువ మోసినవాడి నెత్తినే దానిని పెట్టారు.

టెండూల్కర్‌ను లెక్క నుంచి పూర్తిగా తప్పించడం కూడా న్యాయం కాదు. తొలి ఇన్నింగ్స్‌లో అతడి సున్నాను విమర్శకులు సైతం సాధారణంగా ప్రస్తావించరు. నిజానికి ఆ సున్నా స్థానంలో 13 పరుగులున్నా భారత్ ఖాతాలో గెలుపునకు సరిపడా పరుగులుండేవి. అఫ్రిదీని ఇంకొంచెం ముందుగా ఔట్ చేసినా అంతే. కాని మొదటి రోజుల్లో జారిపోయిన పరుగులకు ఎవరూ కన్నీరు పెట్టుకోరు. చివరి గంటలో జారిన పరుగే గుర్తుంటుంది. స్వల్ప ఓటమిని తూచేటప్పుడు సాధారణంగా జరిగే పొరపాటు ఇదే. నాలుగు రోజుల ఆటను చివరి అరగంటతో కొలుస్తాం.

ఒక్కడే జట్టు అయిన కాలం

ఇందుకు అభిమానులను మాత్రమే తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఆర్థిక సరళీకరణ తరువాతి సంవత్సరాలలో ఉపగ్రహ టెలివిజన్ ఇంటింటికీ చేరింది. క్రికెట్ ప్రసార హక్కులు పెద్ద వ్యాపారమయ్యాయి. 1995లో వరల్డ్‌టెల్ సంస్థతో కుదిరిన ఒప్పందం టెండూల్కర్‌ను దేశంలో అత్యంత ఖరీదైన ప్రచారకర్తలలో ఒకడిగా నిలిపింది. 1998 ఏప్రిల్‌లో షార్జాలో ఆస్ట్రేలియాపై మూడు రోజుల వ్యవధిలో అతడు చేసిన 143, 134 పరుగుల ఇన్నింగ్స్‌లు ఆ నమ్మకాన్ని పతాకస్థాయికి చేర్చాయి. ప్రకటనలోనూ, మైదానంలోనూ ఒక్క ముఖమే జట్టుకు మారుపేరుగా మారింది.

సచిన్ ఔటయితే టీవీ కట్టేసే అలవాటు తెలుగు లోగిళ్లలోనూ ఆ రోజుల్లోనే వచ్చింది. ఆ ఆదివారం ఎన్ని ఇళ్లలో అలా జరిగి ఉంటుందో చెప్పలేం. కట్టేసినవారు తరువాతి మూడు వికెట్ల పతనాన్ని కళ్లారా చూడలేదు. పాకిస్థాన్ జట్టు విజయయాత్రనూ, దానికి నిలబడి చప్పట్లు కొట్టిన జనాన్నీ చూడలేదు. వారి మనసులో ఆ మ్యాచ్ టెండూల్కర్ ఔటైన బంతితోనే ముగిసిపోయింది. అభిమాని తీర్పునకు అతడు ఎంతవరకు చూశాడన్నదానితో కూడా సంబంధం ఉంటుంది.

తెలుగువారికి ఆ జట్టుతో మరింత దగ్గరి సంబంధం ఉండేది. సారథి అజారుద్దీన్, ఓపెనర్ లక్ష్మణ్ ఇద్దరూ హైదరాబాదీలే. స్వతహాగా మధ్య వరుసలో ఆడే లక్ష్మణ్‌ను ఆ రోజుల్లో ఓపెనర్‌గా పంపేవారు. మనవారి ఏడు పరుగులూ, సున్నా కూడా ఆ 12 పరుగుల లోటులో భాగమేనని ఒప్పుకోవడం మనకూ నిజాయితీ అనిపించుకుంటుంది.

మరుసటి నెలలో మరో దృశ్యం

ఢిల్లీలో జరిగిన రెండో టెస్టులో కుంబ్లే ఫిబ్రవరి 7న ఒకే ఇన్నింగ్స్‌లో పది వికెట్లూ తీసి 212 పరుగుల విజయం అందించాడు. ఆ తరువాత అదే నెలలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఆసియా టెస్టు చాంపియన్‌షిప్ మ్యాచ్ జరిగింది. 279 పరుగుల లక్ష్య ఛేదనలో టెండూల్కర్ షోయబ్ అఖ్తర్‌ను ఢీకొని రనౌట్ కావడంతో ప్రేక్షకులు ఆగ్రహించారు. మైదానంలోకి సీసాలు విసిరారు. టెండూల్కర్, జగ్‌మోహన్ దాల్మియా స్వయంగా మైదానంలో తిరిగి శాంతింపజేయవలసి వచ్చింది. చివరి రోజు మళ్లీ గొడవ చెలరేగగా పోలీసులు గ్యాలరీలను ఖాళీ చేయించారు. భారత్ 46 పరుగుల తేడాతో ఓడిన ఆ ఆట దాదాపు జనంలేని స్టేడియంలో ముగిసింది. అదే ఫిబ్రవరి 20న ప్రధాని వాజపేయి లాహోర్‌కు బస్సులో వెళ్లడం గమనార్హం.

ఈ రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి చెన్నై మంచిదనీ, కలకత్తా చెడ్డదనీ తేల్చివేయడం తొందరపాటు. రెండేళ్ల తరువాత, 2001 మార్చిలో, అదే ఈడెన్‌లో లక్ష్మణ్ ఆస్ట్రేలియాపై 281 పరుగులు చేసినప్పుడు కలకత్తా జనం తమవాడిగా అతడిని నెత్తిన పెట్టుకున్నారు. తేడా ఊళ్లలో లేదు. తమకు అన్యాయం జరిగిందని నమ్మిన జనం ఒకచోట ఉన్నారు. తమ కళ్లెదుట న్యాయమైన పోరు జరిగిందని నమ్మిన జనం మరోచోట ఉన్నారు. చెన్నైలో కూడా వివాదాస్పదమైన క్యాచ్ ఉంది. అయినా నాలుగు రోజులు ఎండలో కూర్చుని ప్రతి బంతినీ చూసినవారు ఆ ఒక్కదానికే మ్యాచ్‌ను కట్టివేయలేదు. అఫ్రిదీ శతకం, ప్రసాద్ విజృంభణ, సక్లయిన్ నేర్పు, టెండూల్కర్ నొప్పి అన్నీ వారి లెక్కలోకి వచ్చాయి. అందుకే వారి తీర్పులో ఓడినవారి పట్ల గౌరవం, గెలిచినవారి పట్ల మన్నన రెండూ ఉన్నాయి. ఆనాటి చెన్నై ప్రేక్షకులను వసీం అక్రమ్ ఆ తరువాత ఎన్నోసార్లు ఆప్యాయంగా తలుచుకున్నాడు.

తొమ్మిదేళ్ల తరువాత

2008 డిసెంబరులో చెపాక్ మరొక లక్ష్య ఛేదనకు వేదికైంది. నవంబరు 26 ముంబయి దాడుల తరువాత స్వదేశం వెళ్లి తిరిగివచ్చిన ఇంగ్లండ్ జట్టు భారత్‌కు 387 పరుగుల లక్ష్యం నిర్దేశించింది. సెహ్వాగ్ 83 పరుగులతో పునాది వేశాడు. యువరాజ్ సింగ్ 85 పరుగులతో చివరి వరకు తోడు నిలిచాడు. డిసెంబరు 15న టెండూల్కర్ కొట్టిన బౌండరీతో అతడి శతకమూ, భారత్ గెలుపూ ఒకేసారి పూర్తయ్యాయి. 103 పరుగులతో అజేయంగా నిలిచిన అతడు ఆ శతకాన్ని ముంబయి ప్రజలకు అంకితం చేశాడు.

అతడిపై నింద ఆనాటితో తీరిపోయిందని చాలామంది అభిమానులు అన్నారు. అది కూడా సరైన లెక్క కాదు. 2008లో అతడు 103 చేస్తే చుట్టూ ఉన్నవారు తమ వంతు చేశారు. 1999లో అతడు 136 చేస్తే, మోంగియాను మినహాయించి మిగిలినవారు 34 చేశారు. రెండు రోజుల మధ్య మారినది టెండూల్కర్ కన్నా అతడి చుట్టూ ఉన్న స్కోరు పట్టికే ఎక్కువ.

క్రీడలలో కాకతాళీయాలు చిత్రంగా ఉంటాయి. 2023 ప్రపంచకప్‌లో అక్టోబరు 27న అదే చెపాక్‌లో పాకిస్థాన్, దక్షిణాఫ్రికా తలపడ్డాయి. దక్షిణాఫ్రికా ముందు నిలిచిన లక్ష్యం సరిగ్గా 271 పరుగులు. ఈసారి ఛేదించే జట్టు ఒకే ఒక్క వికెట్ చేతిలో ఉండగా గట్టెక్కింది. స్వల్ప తేడా ఓటమి చేదు అదే మైదానంలో పాకిస్థాన్ అభిమానులకు కూడా తెలిసివచ్చింది. ఎవరి బంతి, ఎవరి క్యాచ్, ఎవరి పొరపాటు అని వారూ ఆ రాత్రి లెక్కలు వేసుకునే ఉంటారు.

భారత్, పాకిస్థాన్‌ల మధ్య 2007 డిసెంబరు తరువాత టెస్టు మ్యాచ్ జరగలేదు. రెండు దేశాల అభిమానులు నాలుగైదు రోజులు ఓపికగా కూర్చుని ఎదుటి జట్టు ఆటను చూసే అవకాశం ఒక తరం పాటు లేకుండా పోయింది. నేడు తటస్థ వేదికలపై జరిగే పొట్టి ఆటలలో కొన్ని గంటలలోనే ఫలితం తేలుతుంది. తీర్పు అంతకంటే త్వరగా వెలువడుతుంది. ఎదుటివాడి నేర్పును గుర్తించడానికి కొంత సమయం కావాలి. ఆ సమయం చెపాక్ ప్రేక్షకులకు నాలుగు రోజులు దొరికింది.

ఇప్పటికీ ఎవరైనా 'ఆ రోజు సచిన్ మరొక్క పావుగంట నిలిచి ఉంటే' అని మొదలుపెడితే, ఆ రోజు తొమ్మిది మంది కలిసి చేసినవి 34 పరుగులేనని గుర్తు చేయవచ్చు. ఆ తరువాత అఫ్రిదీ 141 గురించీ, సక్లయిన్ పది వికెట్ల గురించీ మాట్లాడవచ్చు. చెన్నైవారు కొన్ని క్షణాల మౌనం తరువాత చేసినది అదే.